పోస్టులో వచ్చిన 'ప్రీ అప్రూవ్డ్ లోన్' లెటర్లు: ఎంతవరకు నిజం, రాకుండా ఎట్లా ఆపేది?

కొర్లగుంట77 (తిరుపతి)

మా నాయన పేరు మీద ఒకే వారంలో రెండు లెటర్లు వచ్చినాయి. ఆయన పెన్షనర్. లోన్ కావాలని ఎవరినీ అడగలేదు.

మొదటిది ఒక ఫైనాన్స్ కంపెనీది. 'మీకు రూ.3,00,000 ప్రీ అప్రూవ్డ్ అయింది, వడ్డీ 11 శాతం ఫ్లాట్ మాత్రమే, 36 నెలలు, ఈఎంఐ రూ.11,083' అని పెద్ద అక్షరాల్లో ఉంది. పక్కన చుక్క గుర్తు, కింద చీమ తలకాయంత అక్షరాలు, ఒక క్యూఆర్ కోడ్. పది రోజుల్లో స్పందించకపోతే ఆఫర్ పోతాదంట.

రెండోది ముద్ర లోన్ అని, పైన మూడు సింహాల గుర్తుతో వచ్చింది. రూ.5 లక్షలు మంజూరైందని, ఇన్సూరెన్స్ కింద ముందు రూ.4,500 కట్టమని రాశారు. కట్టాల్సిన యూపీఐ నంబర్ కూడా ఇచ్చినారు.

మొదటిదాంట్లో వడ్డీ నిజంగా 11 శాతమేనా? ఊరికే క్యూఆర్ స్కాన్ చేసి చూస్తే సిబిల్ స్కోర్ (అప్పులు ఎట్లా కడుతున్నామో చూపే అంకె) తగ్గుతుందా? ఇవి ఇంటికి రాకుండా ఆపే మార్గం ఏమన్నా ఉందా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

---

క్రెడిట్_డెస్క్ (రేణిగుంట)

ముందు 'ప్రీ అప్రూవ్డ్' సంగతి. అది శాంక్షన్ కాదు, ప్రకటన. తమ దగ్గరున్న జాబితాలో కొన్ని కొలతలకు సరిపోయిన పేర్లు ఏరి లెటర్లు కొడతారు. మీరు ఊ అన్నాకే అసలు పరిశీలన మొదలవుతుంది: కేవైసీ, పెన్షన్ స్లిప్, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఇప్పుడు కడుతున్న ఈఎంఐలు, వయసు. చుక్క గుర్తు పక్కన చిన్న అక్షరాల్లో ఉండేది ఇదే, ఇవ్వడం ఇవ్వకపోవడం కంపెనీ ఇష్టమని. పెన్షనర్ అయితే వయసు దగ్గరే చాలా దరఖాస్తులు ఆగిపోతాయి. ఆగినా మీ సిబిల్ రిపోర్టులో ఎంక్వయిరీ (లోన్ కోసం కంపెనీ ఆ రిపోర్టు చూసిందన్న నమోదు) మాత్రం మిగిలిపోతుంది.

పేరు, అడ్రసు ఎట్లా పోయిందంటారా? మీ నాయన ఎప్పుడన్నా ఆ కంపెనీ దగ్గర ఫ్రిజ్జో ఫోనో ఈఎంఐలో తీసుకుని ఉంటే ఆ వివరాలు వాళ్ల దగ్గరే ఉంటాయి. అంతకన్నా ఎక్కువగా జరిగేది ఇంకోటి ఉంది. సిబిల్ స్కోర్ ఉచితంగా చూపిస్తామనే యాప్‌లలో పాన్, ఫోన్ నంబర్ ఇచ్చి కింద గడిలో టిక్ పెడతారు. 'మా భాగస్వామి సంస్థలు మిమ్మల్ని సంప్రదించడానికి అంగీకరిస్తున్నాను' అని అక్కడ రాసి ఉంటుంది. ఆ టిక్కే అనుమతి.

ఇక సిబిల్. లెటర్ ఇంటికి వచ్చినంత మాత్రాన స్కోర్ తగ్గదు. మీ రిపోర్టు మీరు చూసుకున్నా తగ్గదు. క్యూఆర్ స్కాన్ చేస్తే ఒక పేజీ తెరుచుకుంటుంది, అక్కడిదాకా స్కోర్‌కు ఏమీ కాదు. పాన్ కొట్టి, ఓటీపీ ఇచ్చి, అంగీకారం టిక్ పెట్టినప్పుడు అది దరఖాస్తు అవుతుంది. కంపెనీ మీ రిపోర్టు తెప్పిస్తుంది, ఎంక్వయిరీ పడుతుంది. ఒకటి పడితే పెద్ద నష్టం లేదు. నెలలో నాలుగైదు పడితే మాత్రం తర్వాత వచ్చే బ్యాంకు ఈ మనిషికి డబ్బు ఇబ్బందిగా ఉన్నట్టుందే అని లెక్క వేసుకుంటుంది. కాబట్టి 'ఊరికే ఎంత వస్తుందో చూద్దాం' అనుకుని నాలుగు చోట్ల నొక్కొద్దు.

ఎవరైనా రిపోర్టు తీశారో లేదో తెలుసుకోవచ్చు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సంస్థలు నాలుగున్నాయి. ఒక్కోదాని నుంచి ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితం. నాలుగూ ఒకేసారి తీసేయకుండా మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే ఏడాదంతా కనిపెట్టుకుని ఉండొచ్చు. పైగా బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు మీ రిపోర్టు చూసినప్పుడు మీకు ఎస్ఎంఎస్ గానీ మెయిల్ గానీ పంపాలని ఆర్‌బీఐ 2023 అక్టోబర్‌లోనే ఈ సంస్థలకు చెప్పింది. పాత నంబర్ ఉంటే ఆ మెసేజ్ మీకు రాదు. నాయన నంబర్ మారి ఉంటే ముందు బ్యాంకులో మార్పించండి.

---

లెక్కలపుస్తకం (చిత్తూరు)

వడ్డీ సంగతి నేను చెప్తాను. శాతాలు పక్కన పెట్టి మన బజారులో అడిగినట్టు 'నూటికి ఎంత' అని చూడండి. 11 శాతం అంటే నెలకు నూటికి 92 పైసలు. రూపాయి వడ్డీ కన్నా తక్కువే కదా అనిపిస్తుంది. లెటర్ రాసినవాళ్లకు కావలసింది కూడా మీకు అట్లా అనిపించడమే.

ఫ్లాట్ అంటే మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ. 3,00,000 మీద 11 శాతం చొప్పున మూడేళ్లకు 99,000. మొత్తం 3,99,000ని 36తో భాగిస్తే 11,083. అందులో అసలు 8,333, వడ్డీ 2,750. మొదటి నెల మీ దగ్గర వాళ్ల డబ్బు మూడు లక్షలుంది, దానికి 2,750 న్యాయమే. ముప్పై ఆరో నెలలో ఫ్లాట్ లెక్క ప్రకారం మిగిలిన బాకీ 8,333 మాత్రమే. ఆ ఎనిమిది వేలకూ ఒక్క నెలకు 2,750 వడ్డీ కడతారు. ఈ ఒక్క లైను మీ నాయనకు చదివి వినిపించండి చాలు.

తగ్గే బాకీ మీద, అంటే ప్రతి నెలా మిగిలిన అసలు మీదే వడ్డీ లెక్కేస్తే, ఇదే ఈఎంఐకి అసలు రేటు సుమారు 19.6 శాతం, అంటే నూటికి రూపాయి అరవై మూడు పైసలు.

ఇంకా అయిపోలేదు. ప్రాసెసింగ్ ఫీజు 2.5 శాతం అనుకుందాం, 7,500. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,350. లోన్‌తో పాటు ఇన్సూరెన్స్ అని 6,150 కలిపారనుకోండి. మూడూ ముందే కోసుకుంటారు. చేతికొచ్చేది 2,85,000. ఈఎంఐ మాత్రం మూడు లక్షలకే. ఇప్పుడు లెక్కేస్తే 23.3 శాతం. నూటికి రూపాయి తొంభై నాలుగు పైసలు, అంటే దాదాపు రెండు రూపాయల వడ్డీ. 92 పైసలని మొదలైనది ఇక్కడికొచ్చి ఆగుతుంది.

మీరే లెక్కేసుకోవాలంటే ఎక్సెల్‌లో రేట్ అనే ఫార్ములా ఉంది. మొదట నెలలు 36, తర్వాత మైనస్ గుర్తుతో ఈఎంఐ 11083, తర్వాత చేతికొచ్చిన మొత్తం 285000. వచ్చిన అంకెను 12తో హెచ్చించండి. చాలామంది మూడో అంకె దగ్గర 300000 వేస్తారు, అందుకే రేటు తక్కువ కనిపిస్తుంది. లెక్క ఎప్పుడూ చేతికొచ్చిన దాని మీదే.

ముందే కట్టేద్దాం అనుకునేవాళ్లకు ఇంకో దెబ్బ ఉంది. 18 ఈఎంఐలు కట్టాక సగం అయిపోయింది, లక్షన్నరే బాకీ అనుకుంటారు. ఫోర్‌క్లోజర్ (గడువుకు ముందే లోన్ మూసేసే) స్టేట్‌మెంట్‌లో సుమారు 1,71,700 అని ఉంటుంది, ఎందుకంటే అక్కడ కంపెనీ తగ్గే బాకీ పట్టీ వాడుతుంది. ఆ పట్టీలో మొదటి నెలల్లో వడ్డీయే ఎక్కువ పోయి ఉంటుంది. దాని మీద ఫోర్‌క్లోజర్ చార్జీ, జీఎస్టీ వేరే. పర్సనల్ లోన్లు మామూలుగా ఫిక్స్‌డ్ రేటువి. ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్‌కు ఈ చార్జీ ఉండదు కదా అని ఇక్కడా ఉండదనుకోవద్దు.

పెన్షన్ పడే బ్యాంకులోనే పెన్షన్ లోన్ అడిగి రెండూ పక్కపక్కన పెట్టండి. ఉదాహరణకు తగ్గే బాకీ మీద 12 శాతానికి దొరికితే మూడు లక్షలకు 36 నెలల ఈఎంఐ 9,964 వస్తుంది. 12 అంకె 11 కన్నా పెద్దది, కానీ నెలకు 1,119 తక్కువ కడతారు, మొత్తం మీద నలభై వేలు మిగులుతుంది.

---

క్రెడిట్_డెస్క్ (రేణిగుంట)

పై లెక్కకు ఒక మాట కలుపుతాను. ఈ లెక్క కంపెనీయే వేసి మీ చేతికివ్వాలి. 2024 అక్టోబర్ 1 తర్వాత ఇచ్చే రిటైల్ లోన్లన్నిటికీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ తప్పనిసరి. బ్యాంకు వాళ్లు కేఎఫ్ఎస్ అంటారు. సంతకానికి ముందే ఇవ్వాలి. అందులో ఏపీఆర్ అని ఒక గడి ఉంటుంది. వడ్డీ, ఫీజు, వాళ్ల ద్వారా కట్టించుకునే ఇన్సూరెన్స్ అన్నీ కలిపిన ఏడాది రేటు అది. పై ఉదాహరణలో ఆ గడిలో 11 ఉండదు, 23.3 ఉండాలి.

మన ప్రాంతంలో చాలామందికి తెలియని విషయం: కేఎఫ్ఎస్ తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలని ఆర్‌బీఐ నిబంధనలోనే ఉంది. తెలుగులో ఇవ్వమని అడగండి. అది మీ హక్కు, వాళ్ల దయ కాదు. వారం రోజులు, అంతకు పైబడిన గడువున్న లోన్లకు కేఎఫ్ఎస్ ఇచ్చాక కనీసం మూడు పనిదినాలు ఆలోచించుకునే వీలు ఉండాలి. ఆ మూడు రోజులూ అందులోని షరతులు మార్చకూడదు. అందులో లేని చార్జీని మీ స్పష్టమైన ఒప్పుదల లేకుండా తర్వాత వసూలు చేయకూడదు. 'ఈ రోజే ఓటీపీ చెప్పాలి సార్, సాయంత్రానికి రేటు మారిపోతుంది' అని ఫోన్‌లో తొందరపెడితే కేఎఫ్ఎస్ పంపండి, చదివి చెప్తా అనండి. దాని మాటెత్తగానే ఫోన్ పెట్టేస్తే అక్కడితో వదిలేయండి.

ఇన్సూరెన్స్ వద్దనుకుంటే దరఖాస్తు దశలోనే మెయిల్‌లో రాసివ్వండి. నోటితో చెప్పిన మాట ఫైల్లో ఉండదు.

---

పుత్తూరు_పోస్ట్

రెండో లెటర్ పక్కా మోసం. పైసా కట్టొద్దు, ఆ నంబర్‌కు ఫోన్ కూడా చేయొద్దు.

ముద్ర సంస్థ నేరుగా ఎవరికీ లోన్ ఇవ్వదు. 2015లో మొదలైన ఈ పథకంలో బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు ఇస్తాయి, ముద్ర వాటికి వెనక నుంచి నిధులు సమకూరుస్తుంది. పైగా అది చిన్న వ్యాపారానికి. శిశు 50,000 దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తరుణ్ 10 లక్షల దాకా. తరుణ్ కట్టి తీర్చినవాళ్లకు 20 లక్షల దాకా తరుణ్ ప్లస్ ఉంది. వ్యాపారం లేని పెన్షనర్‌కు, అడగకుండా, ముద్ర మంజూరు కావడమనేది జరగని పని. ఇట్లాంటి నకిలీ ముద్ర లెటర్ల గురించి కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ కూడా హెచ్చరించింది.

ఒకటి బాగా గుర్తుపెట్టుకోండి: ఇట్లాంటి లోన్ నిజమైనదైతే ఫీజును మామూలుగా ఇచ్చే డబ్బులోంచే కోసుకుంటారు. ముందు మీరు కడితే తర్వాత మేమిస్తాం అనేది వల. 4,500 కట్టగానే జీఎస్టీ అని ఇంకో పదివేలు, తర్వాత టీడీఎస్, తర్వాత ఎన్ఓసీ చార్జీ. కట్టింది పోతుందేమోనన్న భయంతో మనిషి కడుతూనే ఉంటాడు.

మొదటి కంపెనీని కూడా ఊరికే నమ్మొద్దు. ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో రిజిస్టరైన ఎన్‌బీఎఫ్‌సీల (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీల) జాబితా ఉంది. పేరు అక్షరం అక్షరం పోల్చండి. తెలిసిన కంపెనీ పేరుకు 'ఫిన్' అనో 'క్యాపిటల్' అనో తగిలించి లెటర్‌హెడ్ కొట్టించేవాళ్లు ఉన్నారు. ఫోన్ నంబర్ ఆ జాబితా నుంచో కంపెనీ సొంత సైటు నుంచో తీసుకోండి. లెటర్ మీదున్న నంబర్‌కే ఫోన్ చేసి 'ఇది నిజమేనా' అని అడిగితే అవతలివాడు నిజమనే అంటాడు. లోన్ యాప్ అయితే, బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు తాము వాడే యాప్‌లని చెప్పిన వాటి జాబితా 2025 జులై నుంచి ఆర్‌బీఐ సైటులో ఉంది. ఆ యాప్ ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు అడిగితే తీసేయండి. అవి అడగడానికి నిబంధనలు ఒప్పుకోవు.

మన జిల్లావాళ్లకు ఇంకో గుర్తు. చిత్తూరు కేంద్రంగా నడిచిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. ఇప్పుడు పాత పేరుతో 'లోన్ మంజూరు' అని కొత్త తేదీ లెటర్ వస్తే దాన్ని తీసుకుని నేరుగా బ్రాంచికి పోయి చూపించండి.

ఎవరైనా ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపడానికి అంత వీలు. యూపీఐ లావాదేవీ నంబర్, టైము దగ్గర పెట్టుకుని చేయండి. లెటర్, కవర్ రెండూ దాచండి, కవర్ మీద పోస్టాఫీసు ముద్ర పనికొస్తుంది. కంపెనీయే దొంగదైతే ఆర్‌బీఐ సచేత్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు.

---

బైరాగిపట్టెడ_బ్యాంకింగ్

ఈ లెటర్లు, ఫోన్లు ఆపడం గురించి. అమెరికాలో ఉన్న మన పిల్లలకు అక్కడ ఒకే చోట చెప్పుకునే సౌకర్యం ఉంది. ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో చెప్తే ఐదేళ్లు, సంతకం చేసి ఫారం పంపితే శాశ్వతంగా ఇట్లాంటి ఆఫర్ల జాబితా నుంచి పేరు తీసేస్తారు. ఇక్కడ పోస్టుకు అట్లా కుదరదు, ఏ కంపెనీకి ఆ కంపెనీకి విడిగా రాయాలి.

ఫోన్ల వరకు సులువు. స్టార్ట్ అని ఇంగ్లీషులో కొట్టి, ఒక ఖాళీ వదిలి, 0 పెట్టి 1909కి మెసేజ్ పంపండి. 1909కి ఫోన్ చేసి కూడా చెప్పొచ్చు. ఆ తర్వాత కూడా ప్రచార మెసేజ్ వస్తే ఏడు రోజుల్లోగా ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) వాళ్ల డీఎన్‌డీ యాప్‌లో గానీ 1909లో గానీ ఫిర్యాదు చేయాలి. పంపినవాళ్ల పేరు చివర గీత పక్కన పీ అక్షరం ఉంటే అది ప్రచారం, ఎస్ ఉంటే సర్వీసు, టీ ఉంటే లావాదేవీ. అయితే పైన చెప్పిన యాప్ టిక్ ద్వారా అనుమతి ఇచ్చి ఉంటే డీఎన్‌డీ ఒక్కటే చాలదు. ఆ యాప్‌లోకి పోయి అనుమతి వెనక్కి తీసుకుని, ఖాతా తొలగించమని అడగాలి. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే ఖాతా పోదు.

పోస్టుకు కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ పెట్టండి. ఆయన పేరు, మెయిల్ కంపెనీ సైటులో ఉంటాయి. ఇంతే రాయండి:

'మీ సంస్థ నుంచి ఫలానా తేదీ, ఫలానా రిఫరెన్స్ నంబర్‌తో నా పేరున లోన్ ఆఫర్ లెటర్ వచ్చింది. నేను లోన్ కోసం దరఖాస్తు చేయలేదు. నా పేరు, చిరునామా, ఫోన్ నంబర్‌ను మీ ప్రచార జాబితాల నుంచి తొలగించండి. నా వివరాలు మీకు ఎక్కడి నుంచి వచ్చాయో తెలపండి. నా క్రెడిట్ రిపోర్టును తెప్పించడానికి నేను అనుమతి ఇవ్వలేదు. తీసుకున్న చర్యను రాతపూర్వకంగా తెలియజేయండి.'

పాన్, ఆధార్ జిరాక్స్‌లు జత చేయొద్దు. జాబితాలోంచి పేరు తీయడానికి రిఫరెన్స్ నంబర్ చాలు. మెయిల్ నాయన పేరుతోనే పోవాలి, కొడుకు పేరుతో పోతే ఖాతాదారు కాదని పక్కన పెట్టేస్తారు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి) సీఎంఎస్ పోర్టల్‌లో ఉచితంగా ఫిర్యాదు పెట్టొచ్చు. సందేహాలకు 14448.

లెటర్ పారేసేటప్పుడు క్యూఆర్ కోడ్, బార్‌కోడ్, రిఫరెన్స్ నంబర్ ఉన్న ముక్కలు చించి వేరు చేయండి. కొన్ని క్యూఆర్‌లు పేరు, నంబర్ ముందే నింపి ఉన్న పేజీకి తీసుకుపోతాయి. పాత పేపర్ల వాడికి మొత్తం కాగితం ఇవ్వొద్దు.

లెటర్ బదులు అడగని క్రెడిట్ కార్డే వస్తే రూల్ ఇంకా గట్టిది. ఆర్‌బీఐ ఆదేశాల ప్రకారం అడగని కార్డు ఇవ్వకూడదు. ఇచ్చి యాక్టివేట్ చేసి బిల్లు వేస్తే, ఆ బిల్లు రద్దు చేసి దానికి రెట్టింపు జరిమానా మీకు కట్టాలి.

---

కొర్లగుంట77 (తిరుపతి)

అందరికీ చాలా థ్యాంక్స్. ముద్ర లెటర్ సచేత్‌లో పెడతాను. ఇంకొక్కటి అడగాలి. నాయన వయసు వాళ్లు చాలామంది ఫోన్‌లో ఓటీపీ చెప్పేస్తారు. అట్లా ఒప్పుకుని డబ్బు అకౌంట్లో పడిపోతే వెనక్కి ఇచ్చేయొచ్చా?

---

బైరాగిపట్టెడ_బ్యాంకింగ్

ఇవ్వొచ్చు, కానీ గంటలు లెక్కపెట్టుకోవాలి. యాప్‌లోనో ఆన్‌లైన్‌లోనో తీసుకున్న లోన్‌కు కూలింగ్ ఆఫ్ గడువు (మనసు మార్చుకుని వెనక్కి ఇచ్చే వీలు) ఉంటుంది. అది ఎన్ని రోజులో కేఎఫ్ఎస్‌లో రాసి ఉంటుంది. 2025 ఆదేశాల ప్రకారం ఒక రోజుకు తగ్గకూడదు. ఆ లోపల అసలు, డబ్బు ఉంచుకున్న రోజులకు మాత్రం వడ్డీ కట్టి బయటపడొచ్చు, పెనాల్టీ ఉండదు. పై ఉదాహరణలో అయితే రోజుకు రెండు వందల లోపే. ప్రాసెసింగ్ ఫీజు మాత్రం, కేఎఫ్ఎస్‌లో ముందే చెప్పి ఉంటే, తగినంత పట్టుకోవచ్చు. బ్రాంచికి పోయి కాగితాల మీద సంతకం చేసి తీసుకున్న లోన్‌కు ఈ గడువు వర్తించదు.

ముందు ఆ డబ్బు ఖర్చు పెట్టకుండా అట్లాగే ఉంచండి. కూలింగ్ ఆఫ్ కింద లోన్ రద్దు చేసుకుంటున్నానని కంపెనీకి మెయిల్ పెట్టి, కట్టాల్సిన మొత్తం రాతలో అడగండి. కంపెనీ సొంత ఖాతాకే కట్టాలి. ఏజెంట్ యూపీఐకి వేస్తే ఆ డబ్బు లోన్ ఖాతాలో జమ కాదు, గడువు దాటిపోతుంది. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. అసలు లోన్ డబ్బు కంపెనీ నుంచి కాకుండా ఎవరో వ్యక్తి ఖాతా నుంచి పడి ఉంటే అది సక్రమమైన లోనే కాదు. వెనక్కి పంపకుండా ముందు 1930కి చెప్పండి.

తర్వాత నాచ్ మ్యాండేట్. ఈఎంఐ ఆటోమేటిక్‌గా పోవడానికి ఓటీపీతో పాటు దాన్ని కూడా ఒప్పించుకుని ఉంటారు. లోన్ మూసినా ఆ మ్యాండేట్ దానంతట అది పోకపోవచ్చు. బ్యాంకు నెట్ బ్యాంకింగ్‌లోనో బ్రాంచిలోనో చూసి, నో డ్యూస్ (బాకీ లేదనే) లెటర్ చేతికొచ్చాక రద్దు చేయించండి. అంతకంటే ముందే రద్దు చేస్తే ఈఎంఐ బౌన్స్ అయి కంపెనీ ఒక చార్జీ, బ్యాంకు ఒక చార్జీ వేస్తాయి.

నెల తర్వాత సిబిల్ లాంటి ఆ నాలుగు సంస్థల్లో ఒకదాని నుంచి రిపోర్టు తీసి ఆ ఖాతా క్లోజ్డ్ అని పడిందో లేదో చూడండి. పడకపోతే ఆ సంస్థ సైటులోనే డిస్ప్యూట్ పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం మీకు రావాలి. డిస్ప్యూట్ నంబర్, తేదీ రాసి పెట్టుకోండి, పరిహారం అడిగేటప్పుడు అవే కావాలి.